మదార్ సాబ్ కుడిచెయ్యి

తొమ్మిదో తరగతి, ఎనిమిది మార్కుల ప్రశ్న:
జంతు కణజాలాలు ఎన్ని రకాలు, వాటి పనులేవి?
యాకూబ్ పాషా జవాబు ఒకటిన్నర లైను.
మిగతా కాగితమంతా
తోలు తీసిన కొవ్వంత తెల్లగా.
ఎర్ర సిరాతో సున్నా చుట్టి మరిచిపోయాను.

ఆదివారం పొద్దున
వర్ధన్నపేట బస్టాండు వెనక రేకుల షెడ్డులో
అరకిలో కోసం నిలబడితే
మొద్దు వెనక వాడే.
మీసం రాని మూతి, మోకాళ్లదాకా ఎగ్గట్టిన గళ్ల లుంగీ,
చేతిలో తండ్రి కత్తి.
"నమస్తే టీచర్. తొడ ఇయ్యాల్నా, పక్కబొక్కలా?"

వేలాడే పొట్టేలుకి వాడు తోలు ఒలుస్తున్నాడు.
కత్తితో కాదు, పిడికిలి దూర్చి గుద్దుతూ.
"నడుమ సన్నటి పొర ఉంటది టీచర్.
రెండిట్ల దేన్నీ ఇడిసిపెట్టది,
దేన్నీ గట్టిగ పట్టుకోది.
పెండ్లి మాట్లాడే పెద్దమనిషి లెక్క."

సంయోజక కణజాలమని
పదకొండేళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను.
ఆ పెద్దమనిషిని చూడ్డం ఇదే మొదలు.

చెవి వంచి వదిలాడు, మళ్లీ లేచింది.
"గిది బొక్కయితే టప్పున ఇరుగుతుండె."
బొక్క పగలగొట్టి మూలుగ చూపించాడు.
నెత్తురు పుట్టేది అందులోనే అన్నాను,
నెత్తురూ ఆ చుట్టమే అన్నాను.
వాడు నమ్మలేదు.
"కారేదీ, కట్టెలెక్క ఉండేదీ
ఒక్క ఇంటోళ్లెట్లయితరు టీచర్?"

బోటిని పాత సాక్స్ లా తిరగేశాడు.
లోపల నూగు నూగుగా, తువ్వాలలా.
తిన్నదాన్ని పీల్చుకునే ఆ పొరనే
ఉపకళ అంటారని చెప్పబోయాను,
వాడు ఇంకేదో చెబుతున్నాడు:
"కోసినంక గూడ జెరసేపు మెసులుతది. ఎవ్వలు జెప్పిండ్రు దానికి?"
ఎవ్వరూ చెప్పరు. అది మన మాట వినే కండ కాదు.
గుండెకాయ కూడా.
"అందుకే గది జల్దిన ఉడకది.
పుట్టినకాడికెల్లి ఒక్కనాడు గూడ సుట్టి దీస్కోలే గద."

అప్పుడు పిక్క దగ్గర తెల్లటి తాడు లాగి
"ఈ నరం పది కూతలొచ్చినా నమలరాదు" అన్నాడు.
నరం కాదురా, అది స్నాయువు,
కండను బొక్కకు కట్టే తాడు.
"మరి అసలు నరమేది?"

తొడ చీలికలో వేలు పెట్టి వెతికాను.
వెనక వరుసలో ఎవరో విసుక్కున్నారు.
దొరికింది:
దారంకన్నా లావు, పుస్తెలతాడుకన్నా సన్నం,
మసక తెలుపు.
రోజూ కుక్కలకు విసిరేస్తున్నదే.

వాడు దాన్ని చాలాసేపు చూశాడు.
తర్వాత మూలకు చూశాడు.

మూలన ప్లాస్టిక్ కుర్చీలో మదార్ సాబ్.
కార్తీకంలో ఎంజీఎంలో పదిహేడు రోజులు.
ఎడమచేత్తో పైసలు తీసుకుంటున్నాడు.
ఒళ్లో కుడిచెయ్యి,
ఎవరో దాచమని ఇచ్చి వెళ్లిన వస్తువులా.

"టీచర్, అబ్బా చేతికి తోలున్నది. బొక్కున్నది.
కండ జెర తగ్గింది గని ఉన్నది.
నెత్తురు తిరుగుతున్నది, పట్టుకుంటే ఎచ్చగనే ఉంటది.
మరి ఎందుకు లేస్తలేదు?"

చెయ్యి బాగానే ఉంది యాకూబ్,
కబురే రావడం లేదు. పంపే చోట, తలకాయలో...
అక్కడ ఆగాను.

వాడు తన బొటనవేలు చూపించాడు,
కత్తి గాట్లు, పాతవీ కొత్తవీ, అన్నీ మూసుకున్నవే.
"తోలు మళ్ల వస్తది. మా షరీఫ్ గాని కాలిబొక్క అతికింది.
గది మళ్ల రాదా?"

పుస్తకంలో దానికి ఒకటిన్నర లైనే ఉంది.

"కొంత... కసరత్తు చేయిస్తే..." అన్నాను.
వాడు తల ఊపి తూకం వేశాడు.
ముల్లు దాటాక ఇంకో ముక్క వేశాడు.

ఫ్యాను గాలికి గల్లాలో నోట్లు లేచాయి.
మదార్ సాబ్ ఎడమచేత్తో
తన కుడిచేతిని మెల్లగా ఎత్తి
వాటి మీద బరువు పెట్టాడు.

సంచి అందుకున్నాను.
నా అయిదు వేళ్లూ దాని చుట్టూ ముడుచుకున్నాయి.
ఎప్పుడు చెప్పాను వాటికి?